నాలుగు పేజీల మాన్యువల్లో 23 ‘సెట్’లు: దేనికి ఏం రాయాలి?

నీలిసిరా (ప్రశ్న)

వస్తువులతో పాటు డబ్బాలో వచ్చే మాన్యువల్స్‌ని తెలుగులోకి మార్చడం నా పని. రెండేళ్ళుగా చేస్తున్నాను. పెద్ద మాటలు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ‘కెపాసిటర్’ వస్తే కెపాసిటర్ అనే రాస్తాను, చదివేవాళ్ళకీ అదే తెలుసు. నన్ను ముంచేవన్నీ చిన్న మాటలే. ఈసారి ముంచింది ‘సెట్’.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక టేబుల్ ల్యాంపు మాన్యువల్. ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. దాంట్లో అలారం కూడా ఉంది. మొత్తం నాలుగు పేజీలే కదా అని ఒక్క పూటలో ముగించి పంపేశాను. మా పని సరిచూసే ఆవిడ దగ్గర్నుంచి ఎర్ర గుర్తులతో తిరిగొచ్చింది. ఆ గుర్తుల్లో చాలావరకు ఒకే మాట చుట్టూ ఉన్నాయి. ఇంగ్లిష్ మూలం తీసి లెక్కపెట్టాను. ‘సెట్’ 23 సార్లు వచ్చింది.

జిగురు అంటించాక ‘లెట్ ఇట్ సెట్ ఫర్ 24 అవర్స్’ అని ఉంది. నేను ‘24 గంటలు అలా పెట్టి ఉంచండి’ అని రాశాను. ఆవిడ పక్కన ‘దేన్ని? ఎక్కడ?’ అని రాసింది. పోనీ సాఫ్ట్‌వేర్ ఏమంటుందో చూద్దామని ఆ వాక్యం అందులో వేస్తే ‘దాన్ని 24 గంటలు సమితిగా ఉండనివ్వండి’ అంది. లెక్కల పుస్తకంలోంచి లేచొచ్చిన సమితి నా జిగురులో ఏం చేస్తోందో మరి.

అంతకంటే ఘోరం ఇంకొకటి. ‘ఇఫ్ ద అలారం ఈజ్ సెట్ ఆఫ్ బై మిస్టేక్’ అని ఉన్నచోట ‘పొరపాటున అలారం ఆఫ్ అయితే’ అని రాశాను. అసలు అర్థం ‘పొరపాటున అలారం మోగితే’ అట. సరిగ్గా తలకిందులు! ఇది చూసినప్పటి నుంచీ పాత ఫైళ్ళలో ఇంకెన్ని ఇలా ఉన్నాయో అని ఒకటే టెన్షన్.

ఇంకా మిగిలినవి: ‘సెట్ ద బేస్ ఆన్ ఎ ఫ్లాట్ సర్ఫేస్’, ‘సెట్ ద డయల్ టు జీరో’, ‘సెట్ అసైడ్ ద షేడ్’, ‘ఫ్యాక్టరీ సెట్టింగ్స్’, వెలుగు నెమ్మదిగా తగ్గించే ‘సన్‌సెట్ మోడ్’. అన్నిటికీ పరాకాష్ఠ డబ్బాలో ఏమున్నాయో చెప్పే వరస: ‘ఎ సెట్ ఆఫ్ ఫోర్ సెట్ స్క్రూస్’.

నా ప్రశ్న ఇది. ఈ మాటకు అడుగున ఎక్కడైనా ఒక్క అర్థం ఉందా? ఉంటే దాన్ని పట్టుకుని మిగతావి తేల్చుకుంటాను. లేదా ఒక్కొక్కటీ బట్టీ పట్టడమేనా?

గళ్ళనుడి పిచ్చోడు

బట్టీ పడతానంటే ముందు లెక్క వినండి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో ‘సెట్’ క్రియకు దాదాపు 430 అర్థాలు ఇచ్చారు. ఆ ఒక్క మాట గురించి రాసింది 60,000 పదాలు. ఒక మోస్తరు నవల అన్నమాట. చాలాకాలం ఇంగ్లిష్‌లో ఎక్కువ అర్థాలున్న మాటగా గిన్నిస్ పుస్తకం చెప్పిందీ దీన్నే.

మా గళ్ళనుడి జనానికి ఇది బంగారు బాతు. బ్రిటిష్ వాడుకలో గళ్ళనుడి తయారుచేసేవాణ్ణి ‘సెట్టర్’ అంటారు. వేటకుక్కల్లో ఒక జాతి పేరూ సెట్టరే, అడవి పిట్ట వాసన తగలగానే నేలకు కరుచుకుపోయి అక్కడే ఆగిపోతుంది కాబట్టి. వాలీబాల్లో స్మాష్ కొట్టేవాడికి బంతి అందించేవాడూ సెట్టరే. ‘సెట్’ స్పెల్లింగు చివర ఇంకో ‘టి’ తగిలిస్తే బ్యాడ్జర్ అనే జంతువు తవ్వుకునే బొరియ అవుతుంది. రోడ్డుకు పరిచే రాతి దిమ్మ కూడా అవుతుంది. ఆధారం ఒకటిచ్చి ఈ అయిదింటిలో దేన్నైనా గడుల్లో దాచేయొచ్చు.

ధైర్యం చెప్పడానికి రాలేదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పాత కంపోజిటర్

నీలిసిరా గారూ, ఆయన మాటలకు బెదిరిపోకండమ్మా. నేను ముప్ఫై ఏళ్ళు సీసం అక్షరాల మధ్య బతికినవాణ్ణి. ఇంగ్లిష్‌లో మా పని పేరే టైప్‌సెట్టింగ్, కాబట్టి ఈ మాట మీద నాకు కొంచెం హక్కుందనుకుంటాను.

మా పని ఎలా ఉండేదంటే, ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో అక్షరాల గళ్ళపెట్టె, అంటే కేసులోంచి ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చేవాళ్ళం. వరస నిండాక సందులు సరిచేసి బిగించాలి. బిగించాక ఒక్క అక్షరం కూడా కదలకూడదు. కదిలిందంటే కాగితం మీద అది పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది. నా మట్టుకు ‘సెట్’ అంటే ఇదే: ఒకదాన్ని దాని చోట పెట్టడం, పెట్టాక అది అక్కడే ఉండటం. రెండు సగాలూ గుర్తుంచుకోండి. పెట్టడం ఒక సగం, కదలకుండా ఉండటం రెండో సగం. మీ 23లో చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందకి వస్తాయి.

దీని పుట్టుక చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. మనకు దిగు–దించు, మునుగు–ముంచు, లేచు–లేపు ఉన్నట్టే పాత ఇంగ్లిష్‌లో సిట్టన్, సెట్టన్ అని జంట ఉండేది. జర్మన్‌లో ఇప్పటికీ ఆ జంట చెక్కుచెదరలేదు, సిట్సెన్, సెట్సెన్ అంటారు. ఇంగ్లిష్‌లో ఇలాంటి జంటలు కొన్ని మిగిలాయి. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే చెట్టు లాంటిదాన్ని పడగొట్టడం. ఇంగ్లిష్ వాళ్ళే ఈ జంటల్లో తడబడుతుంటారు, మనం తడబడితే వింతేముంది.

ఇప్పుడు కూర్చోబెట్టుకుంటూ పోండి. దీపం దిమ్మను బల్ల మీద కూర్చోబెడితే ‘సెట్ ద బేస్’. ముల్లుని సున్నా దగ్గర కూర్చోబెడితే ‘సెట్ ద డయల్’. ఉంగరంలో రాయిని కూర్చోబెడితే మనం పొదగడం అంటాం. విరిగిన ఎముక కొసల్ని వాటి చోట కూర్చోబెడితే సరిచేయడం అంటాం. పాటని రాగంలో కూర్చోబెడితే బాణీ కట్టడం. వాళ్ళు ఒక్క మాటతో గడిపేసిన చోట మనం ప్రతి పనికీ దానిదైన మాట పెట్టుకున్నాం. మీకు తలనొప్పిగా ఉన్నది ఇంగ్లిష్ పేదరికమో తెలుగు సంపదో మీరే తేల్చుకోండి.

సూర్యుడి సంగతి మరీ ముచ్చటైనది. సూర్యుణ్ణి ఎవరూ కూర్చోబెట్టరు కదా, మరి ‘సన్‌సెట్’ ఏమిటని నేనూ చాలాకాలం అనుకున్నాను. పాత ఇంగ్లిష్‌లో ఆసనాన్ని ‘సెట్ల్’ అనేవాళ్ళు. సూర్యాస్తమయాన్ని ‘సెట్ల్‌గాంగ్’ అనేవాళ్ళు, అంటే ఆసనానికి వెళ్ళడం. పగలంతా నడిచినవాడు సాయంత్రం పీట వాల్చుకుని కూర్చున్నాడన్నమాట. మనవాళ్ళు పొద్దు వాలింది, పొద్దు కుంకింది అన్నారు. మీ సన్‌సెట్ మోడ్‌కి ‘పొద్దువాలు మోడ్’ అని రాసి చూడండి, మీ ఎర్ర గుర్తుల ఆవిడ ఏమంటుందో.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘పెట్టు’. అలారం పెట్టడం, పరీక్ష పెట్టడం, గడువు పెట్టడం, షరతు పెట్టడం, నిప్పు పెట్టడం, ఉచ్చు పెట్టడం. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ‘సెట్’ సరిపోతుంది. కాబట్టి మీ చెయ్యి అలవాటుగా ‘పెట్టు’ మీదకు పోవడంలో తప్పులేదు. అయితే ‘పెట్టు’కి ఎప్పుడూ పెట్టేవాడు ఒకడు కావాలి. జిగురు దగ్గర మీరు జారిపడింది అక్కడే. ‘జిగురు సెట్టయింది’ అన్నప్పుడు ఎవరూ దేన్నీ పెట్టలేదు. అది తనంతట తాను కదలడం మానేసింది. నేను చెప్పిన రెండో సగం అది.

అందుకని వాక్యం రాగానే ముందు చూడాల్సింది, ‘సెట్’ తర్వాత కర్మ ఉందా లేదా అని. ఉంటే ఎవరో దేన్నో ఎక్కడో పెడుతున్నారు, ‘దేన్ని’ అన్నది చూస్తే తెలుగు క్రియ దానంతటదే దొరుకుతుంది. కర్మ లేకపోతే ఏదో ఒకటి స్థిరపడుతోంది. జిగురైతే గట్టిపడుతోంది, సూర్యుడైతే వాలుతున్నాడు, వాన ‘సెట్ ఇన్’ అయితే పట్టుకుంటోంది. చెట్టు విషయంలో మాత్రం ఈ కొలత కాస్త తప్పుతుంది, ‘ద ట్రీ సెట్స్ ఫ్రూట్’లో కర్మ ఉన్నా ఎవరూ దేన్నీ పెట్టడం లేదు. పూత పోయి ‘ఫ్రూట్ సెట్’ అయితే మనం పిందె కట్టింది అంటాం, ఆ ‘కట్టింది’లో వాళ్ళ ‘సెట్’ మొత్తం ఉంది.

ఇక 430 గురించి. అది మాట కడుపులో ఉన్న అర్థాల సంఖ్య అనుకుంటే భయమేస్తుంది. సంపాదకులు ఆ మాటకు కట్టిన గదుల సంఖ్య అనుకోండి. ఉంగరంలో రాయికి ఒక గది, రంపం పళ్ళని అటూ ఇటూ వంచడానికి ఒక గది, ఓడ తెరచాప విప్పడానికి ఇంకో గది. వేరే సంపాదకుడైతే మూడిటినీ ఒక వసారాలో సర్దేవాడు. అదే డిక్షనరీ మూడో కూర్పు కోసం 2011 నాటికి ‘రన్’ని తిరగరాసినప్పుడు దానికి 645 గదులు తేలాయి, ‘సెట్’ కిరీటం అక్కడితో పోయింది. ‘రన్’ మీద ఒక్క సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడట. నాకైతే ఆయన మీద జాలి కంటే అసూయే ఎక్కువ కలిగింది.

కాంక్రీటు మనిషి

కంపోజిటర్ గారు చెప్పాక చెప్పడానికి పెద్దగా లేదు గానీ, జిగురు వాక్యం దగ్గర ఒక హెచ్చరిక. చాలామంది ‘సెట్’ని ‘ఆరడం’ అని రాస్తారు. దయచేసి అది మాత్రం రాయకండి.

ఆరడం అంటే నీళ్ళు పోవడం. సిమెంటు సెట్టయ్యేది నీళ్ళు పోయి కాదు, నీళ్ళతో కలిసి. అందుకే నీళ్ళ అడుగున పోసిన కాంక్రీటు కూడా గట్టిపడుతుంది. మా పనిలో మూడు వేరు వేరు మాటలు ఉన్నాయి. సెట్టింగ్ అంటే ముద్ద జారడం మానేసి ఆకారం నిలబెట్టుకోవడం, ఇది గంటల్లో అయిపోతుంది. హార్డెనింగ్ అంటే బలం పుంజుకోవడం, రోజులూ వారాలూ పడుతుంది, మామూలుగా 28వ రోజు బలం పరీక్ష చేస్తాం. క్యూరింగ్ అంటే ఆ బలం వచ్చేదాకా తడి పోకుండా కాపాడటం. సెట్టయిందో లేదో చూడటానికి వికా అనే ఫ్రెంచి ఇంజనీరు పేరు మీద ఒక సూది పరికరం ఉంది. సన్నటి సూదిని ముద్దలోకి వదులుతాం. అది ఎంత లోతుకి దిగలేకపోయిందన్నదే లెక్క. ఇంత పెద్ద మాటకి ఇంత చిన్న కొలత!

మీది రెండు గొట్టాల జిగురే అయితే, అంటే రెంటినీ కలిపి రాసేదైతే, అదీ ఆరదు. రెండు రసాయనాలు ముడిపడి గట్టిపడుతుంది. అక్కడ ఇంకో మెలిక ఉంది. జిగుళ్ళ వాళ్ళ భాషలో సెట్టవడం నిమిషాల పని, పూర్తి బలం రావడాన్ని వాళ్ళు క్యూర్ అంటారు. మీ మాన్యువల్ 24 గంటలు అంటోంది కాబట్టి రాసినవాడు రెండోదాన్ని ఉద్దేశించి మొదటి మాట వాడి ఉంటాడు. ‘24 గంటలు కదపకుండా పూర్తిగా గట్టిపడనివ్వండి’ అంటే రెండూ వచ్చేస్తాయి.

ఒకసారి నా మణికట్టు విరిగింది. డాక్టరు ముందు ఎముక సెట్ చేశారు, తర్వాత ప్లాస్టర్ వేసి ఇది సెట్టయ్యేదాకా చెయ్యి కదపకండి అన్నారు. ఒకే నిమిషంలో రెండు సెట్‌లు, రెండు వేరు. మొదటిదానికి ప్రాణం పోయింది. రెండోది సెట్టవుతుంటే చేతికి వెచ్చగా తగిలింది, ఎందుకంటే ప్లాస్టర్ పొడి నీళ్ళతో కలిసి మళ్ళీ జిప్సంగా మారేటప్పుడు వేడి పుడుతుంది. అంత నొప్పిలోనూ ‘హైడ్రేషన్’ అని మనసులో అనుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

నీలిసిరా

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. కర్మ ఉందా లేదా అన్న చూపుతో మళ్ళీ మొదలుపెడితే నా 23లో పద్దెనిమిది అప్పటికప్పుడే తేలిపోయాయి. ‘సెట్ అసైడ్’ని ‘పక్కన పెట్టండి’ అని రాశాను, అది ముందూ అలాగే రాశాను, పొరపాటున ఒప్పయింది.

రెండు ఇంకా నలుగుతున్నాయి. ‘సెట్ ఆఫ్’లో ‘ఆఫ్’ ఉండి కూడా అలారం ఎందుకు మోగుతుంది? రెండోది ‘ఎ సెట్ ఆఫ్ ఫోర్’. ఇక్కడ ఎవరూ దేన్నీ కూర్చోబెట్టడం లేదే, ఏదీ గట్టిపడటం లేదే?

పాత కంపోజిటర్

రెండోదే ముందు చెబుతాను, అది తేలిక. అది అసలు ఈ మాటే కాదమ్మా. వేరే మాట, వేరే ఇంటి పిల్ల. లాటిన్‌లో ‘సెక్వి’ అంటే వెంట నడవడం. దాన్నుంచి ‘సెక్టా’, అంటే ఒకరి వెంట నడిచే బృందం. అది పాత ఫ్రెంచిలో ‘సెట్’ అయి, ఇంగ్లిష్‌లోకి వచ్చి ‘గుంపు’ అయింది. సెక్ట్, సీక్వెన్స్, సీక్వెల్, సూట్ అన్నీ దాని అక్కచెల్లెళ్ళే. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి రెండు మాటలూ ఒకేలా పలికాయి, ఒకేలా రాశారు, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడింది. ‘కలిపి పెట్టినవి’ అనే భావంతో రెండూ అతుక్కుపోయాయి. కాబట్టి నామవాచకంగా వచ్చి, వెనక ఒకే ‘ఎఫ్’ ఉన్న ‘ఆఫ్’తో వస్తువుల పేరు ఉంటే నా కూర్చోబెట్టడం సిద్ధాంతాన్ని వదిలేయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ‘సమితి’ ఈ ఇంటిదే. 1874లో కాంటర్ అనే జర్మన్ గణితవేత్త రాసిన వ్యాసంతో ఆ శాస్త్రం మొదలైందంటారు. ఆయన వాడిన జర్మన్ మాట ‘మెంగె’, ఇంగ్లిష్ వాళ్ళు దానికి ‘సెట్’ని ఎంచుకున్నారు. పాపం సాఫ్ట్‌వేర్ ఇల్లు తప్పి వెళ్ళిందంతే.

అలాగని నామవాచకం కనిపిస్తే చాలు వెంట నడిచే ఇల్లు అనుకోకండి. నాటకం సెట్ కూర్చోబెట్టే ఇంటిదే.

ఇప్పుడు మొదటిది. ‘సెట్’కి ఒక స్థితిలోకి నెట్టడం అనే పని కూడా ఉంది. సెట్ ఫ్రీ అంటే వదిలేయడం, సెట్ ఆన్ ఫైర్ అంటే మంటల్లోకి నెట్టడం. ఇక్కడి రెండు ‘ఎఫ్’ల ‘ఆఫ్’ స్విచ్ మీద ఉండే ఆఫ్ కాదు, స్విచ్‌లు పుట్టక ముందునుంచీ ఉన్న ఆఫ్. ఉన్నచోటునుంచి బయటికి, దూరంగా అనే అర్థం. ప్రయాణానికి బయల్దేరినా ‘సెట్ ఆఫ్’ అంటారు చూడండి, అదీ ఇదే. తుపాకీ పేలితే ‘గో ఆఫ్’, అలారం మోగినా ‘గో ఆఫ్’. దాన్ని అలా పోయేలా చేస్తే ‘సెట్ ఆఫ్’. మాన్యువల్లో అలారం పక్కన ‘టర్న్ ఆఫ్’ ఉంటే ఆపడం, ‘సెట్ ఆఫ్’ ఉంటే మోగించడం. ఒక్క క్రియ తేడా. మీరు భయపడ్డదాంట్లో తప్పులేదు, పాత ఫైళ్ళలో ఈ జంటని మాత్రం వెతుక్కోండి.

ఇదే మాటకు జమాఖర్చులు రాసేవాళ్ళు ఒక బాకీని ఇంకో బాకీతో కొట్టేయడం అని పెట్టుకున్నారు. మా ప్రెస్సులో ‘సెట్‌ఆఫ్’ అంటే పెద్ద తిట్టు. అప్పుడే అచ్చయిన కాగితం మీద సిరా ఆరక ముందే దానిమీద ఇంకో కాగితం పడితే, కింది సిరా పై కాగితం వెనక్కి అంటుకుంటుంది. ఒకసారి నాలుగు వందల కాగితాలు అలా పాడయ్యాయి, ఆ రోజు పెద్దాయన నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఒక్కటి చెప్పి ఆపుతాను, అడగకపోయినా. ‘అప్‌సెట్’ ఉంది కదా. అయిదారు వందల ఏళ్ళ కిందట దాని అర్థం ఎత్తి నిలబెట్టడం. ఇప్పుడు పడదోయడం, మనసు పాడవడం. నిటారుగా నిలబెట్టిన మాటే బోర్లాపడింది. పాత అర్థం ఒక్కచోట బతికుంది, వేలం పాటల్లో. ‘అప్‌సెట్ ప్రైస్’ అంటే పాట మొదలుపెట్టడానికి నిలబెట్టిన కనీస ధర. ఎవరి మనసూ పాడైన ధర కాదు.

గళ్ళనుడి పిచ్చోడు

మళ్ళీ నేనే. మనం తెలుగులో మాట్లాడేటప్పుడు వాడే ‘సెట్’ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ‘ఆ రంగు నీకు సెట్ కాలేదు’, ‘వాళ్ళిద్దరికీ సెట్ అవదు’ అంటాం. ఇప్పటి మామూలు ఇంగ్లిష్‌లో ఆ అర్థం వాడరు, అక్కడ ‘సూట్’ అనాలి. ఈ తెలుగు సెట్‌ని నమ్ముకుని ఒకసారి ఇంగ్లిష్ మెయిల్లో ‘దిస్ టైమ్ డజ్ నాట్ సెట్ ఫర్ మి’ అని రాశాను. అవతలివాడు మర్యాదస్తుడు, గడియారంలో ఏమైనా సమస్యా అని అడిగాడు.

కంపోజిటర్ గారు సూట్‌ని గుంపు సెట్‌కి చెల్లెలన్నారు కాబట్టి, చుట్టరికం మీద క్షమించేయొచ్చేమో!

పాత కంపోజిటర్

క్షమించను. మీరు వాడింది క్రియ. అది వేరే ఇల్లు.

కానీ తెలుగులో మాట్లాడేటప్పుడు నిక్షేపంగా వాడుకోండి. మన ఇంటికొచ్చిన మాటకు మనమిచ్చిన పని అది.

నీలిసిరా

ఈ రోజు రెండోసారి పంపాను, ఇప్పుడే తిరిగొచ్చింది. ముందు అందరికీ మళ్ళీ థాంక్స్.

23లో ‘ఉంచండి’, ‘తిప్పండి’, ‘పెట్టుకోండి’, ‘గట్టిపడనివ్వండి’, ‘మోగితే’, ‘పక్కన పెట్టండి’ లాంటివన్నీ కలిపి పంతొమ్మిది చోట్ల తెలుగు మాటలు దొరికాయి. డయల్‌కి ‘సున్నా దగ్గర పెట్టండి’ అని ఉన్నదాన్ని ‘సున్నా దగ్గరికి తిప్పండి’ చేశాను, చేతికి ఏం చేయాలో తెలుస్తుందని. ‘ఫ్యాక్టరీ సెట్టింగ్స్’ రెండుసార్లు వచ్చింది, రెండుచోట్లా అలాగే వదిలేశాను. ఫోను పట్టుకున్న ఎవరికైనా అది తెలుసు, దాన్ని ‘కర్మాగార అమరికలు’ చేస్తే నాకే అర్థం కాదు. ‘పొద్దువాలు మోడ్’ పక్కన ఆవిడ ఎర్ర పెన్నుతోనే ఒక టిక్కు పెట్టింది. రెండేళ్ళలో ఆవిడ పెట్టిన మొదటి టిక్కు.

చివరికి మిగిలింది ఆ డబ్బా వరసే, ‘ఎ సెట్ ఆఫ్ ఫోర్ సెట్ స్క్రూస్’. బొమ్మ చూశాక అర్థమైంది. తల లేని చిన్న మర, గుండ్రటి బిళ్ళ పక్కనున్న చిల్లులోంచి లోపలికి దిగి, దాని మొన కడ్డీకి ఒత్తుకుని, బిళ్ళ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. అంటే ఒకే వరసలో మొదటిది వెంట నడిచే ఇంటిది, రెండోది కదలనివ్వని ఇంటిది. ‘నాలుగు బిగింపు మరలు’ అని రాశాను. నాలుగు అన్నాక ఇంక ‘సెట్’ ఎందుకని మొదటిదాన్ని ఎగరగొట్టేశాను.

ఆవిడ దాని పక్కన రాసింది: ‘ఒక సెట్ తగ్గింది?’

కాంక్రీటు మనిషి

ఆ మరని బిగించేటప్పుడు మాత్రం మరీ గట్టిగా తిప్పొద్దని ఇంకో వాక్యం చేర్చమనండి. అంత చిన్నదానికి మరచుట్లు ఇట్టే అరిగిపోతాయి, తర్వాత అది ఏ అర్థంలోనూ సెట్ కాదు.